రంగుతో పెరిగిన గది

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోకుండా ఉంది. తూర్పున కాస్త ఎరుపు పూసుకుంది, అది నచ్చనట్టు బూడిద రంగు కప్పుకుంది, మళ్ళీ దాన్నీ పక్కకు నెట్టింది. వానకూ కాదు, ఎండకూ కాదు. సున్నం వేసేవాడికి అలాంటి పొద్దే మంచిది. ఎండ ముదిరితే గోడ సున్నాన్ని తాగేస్తుంది. వానొస్తే గోడను వాన తాగేస్తుంది.

ముందురోజు నానబెట్టిన సున్నం బకెట్టు, చిటికెడు నీలిమందు, నార కుంచె తీసుకొని మా ఊరి హైస్కూలుకు పోయాను. పని చిన్నది. ఆడపిల్లల కోసం కొత్తగా కట్టిన బాత్రూం. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టే లోపల నాలుగు గోడలూ అయిపోతాయి. మర్నాడు తాళం తీసేయవచ్చు.

ఆ స్కూల్లో అరవై రెండు మంది ఆడపిల్లలు. మగపిల్లలకు ప్రహరీ వెనక బీడు ఉంది. ఆడపిల్లలు మధ్యాహ్నం ఇళ్ళకు పోవలసిందే. ఊళ్ళో వాళ్ళు పోయి వస్తారు. కాలవ అవతల పల్లె వాళ్ళు పోతారు గాని రారు. పోను రెండు మైళ్ళు, రాను రెండు మైళ్ళు. మా తమ్ముడి మనవరాలు శిరోమణిది ఆ పల్లే. తొమ్మిదో తరగతి. లెక్కలు, సైన్సు రెండూ మధ్యాహ్నం పూటే చెబుతారు. దాని నోటుపుస్తకంలో తెలుగు, సోషలు నిండుగా ఉండేవి. లెక్కల పుస్తకం కొత్తగానే ఉండేది.

దాని తండ్రి ఏడుకొండలు నాతో ఒకటే మాట అన్నాడు. "దసరా దాకా చూస్తా పెదనాన్నా. అప్పటికీ ఆ తలుపు తెరవకపోతే పేరు కొట్టించి పత్తి తీతకు పంపిస్తా. సగం పూట చదువుకి నాలుగు మైళ్ళ నడకెందుకు?"

అప్పటికి జూలై నెల. దసరా ఎక్కడో ఉంది. ఒక్క పూట పనికి నేను దసరా దాకా ఆలోచించలేదు.

కుంచె ముంచి మొదటి గీత గీశాను. అప్పుడే జీపు వచ్చింది. మండల ఇంజనీరు భుజంగరావు గారు చెప్పులు చేత్తో పట్టుకొని బురదలో పరిగెత్తుకుంటూ వచ్చారు.

"ఆపు నాసరయ్యా! ఎవరు వేయమన్నారు నిన్ను?"

"మీరే సార్. నిన్న."

"నిన్నటి మాట నిన్నటిది. పొద్దున సర్క్యులర్ వచ్చింది."

ఆయన అరుగు మీద కూచొని చదివి వినిపించారు. ఆడపిల్లల బాత్రూం కనీసం నలభై ఎనిమిది చదరపు అడుగులు ఉండవలెను. అంతకు తక్కువ ఉన్నచో దానిని బాత్రూంగా పరిగణించరాదు.

"మనది ఇరవై" అన్నాను.

"తెలుసయ్యా. ఒక పక్క బోరు, ఒక పక్క ప్రహరీ. నేను మాత్రం ఎటు జరగను? ఇప్పుడు నిబంధన ప్రకారం ఇది బాత్రూం కాదు, బీరువా. బీరువాలోకి ఆడపిల్లల్ని ఎట్లా పంపిస్తాం?"

"అయితే గోడ పడగొట్టి కడతారా?"

"అక్కర్లేదు. రెండో పేరా ఉంది." ఆయన మొహం వెలిగింది. "చిన్న గదులకు తగిన లేత రంగు వేసినచో అవి విశాలముగా కనిపించునని నిపుణులు నిర్ధారించియున్నారు. అట్లు కనిపించిన విస్తీర్ణమునే వాస్తవ విస్తీర్ణముగా నమోదు చేయవచ్చును. అదయ్యా సంగతి. ఇరవై ఎనిమిది అడుగులు తక్కువ పడ్డాయి. అవి రంగులోంచి రాబట్టాలి."

"సున్నం కూడా తెలుపే గదండీ."

"సున్నం జాబితాలో లేదు" అన్నారు భుజంగరావు గారు.

వారం తర్వాత జిల్లా నుంచి వర్ణ సమన్వయాధికారి విశ్వపతి గారు వచ్చారు. అలాంటి ఉద్యోగం ఒకటుందని మాకు ఆ రోజే తెలిసింది. పలచటి మనిషి. ఏ గదిలోకి పోయినా ముందు కళ్ళు మూసుకొని తర్వాత తెరిచేవారు. ఆయన చేతిలో విసనకర్రలా తెరుచుకునే రంగుల అట్ట ఉంది. అందులో నూట ఇరవై ఎనిమిది తెలుపులు. తొలివెన్నెల, మంచుతెర, కొంగరెక్క, పాలపొంగు. ఒక్కోదానికి ఒక్కో పేరు. ఒకదానికి 'మౌనం' అని ఉంది. నేను నలభై ఏళ్ళుగా గోడలకు వేస్తున్న తెలుపు మాత్రం లేదు.

పెద్ద టీచరు సువార్తమ్మ గారు ఆయనకు కుర్చీ వేయించి అడిగారు. "సార్, పిల్లలు జూన్ నుంచి ఎదురు చూస్తన్నారు. నీళ్ళు వచ్చాయి, కుండీ పెట్టాం. ఏదో ఒక రంగు చెప్పండి, వేసుకుంటాం."

విశ్వపతి గారు జాలిగా నవ్వారు. "అమ్మా, ఏదో ఒక రంగు అనే దృక్పథమే మన వెనుకబాటుతనానికి మూలం. స్థలమనేది గోడల మధ్య ఉండదు. వీక్షకుని మనోఫలకం మీద ఉంటుంది. దానిని శాస్త్రీయంగా కొలవాలి."

"ఎట్లా కొలుస్తారు?"

"అడిగి."

కొలిచే పద్ధతి ఇదీ. నేను ఒక రంగు వేస్తాను. ఆరినాక ఊళ్ళోంచి పదిమందిని పిలుస్తారు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకొని లోపలికి పోయి, తెరిచి, గది ఎన్ని అడుగులుందో చెప్పాలి. పదిమంది మాటా కలిపి సగటు తీస్తారు. అదే గది విస్తీర్ణం.

"ఆడపిల్లల్నే అడగొచ్చు గదా" అన్నారు సువార్తమ్మ గారు.

"లబ్ధిదారుల అభిప్రాయం పరిగణనలోకి రాదమ్మా. వారికి గది అవసరం ఉంది. అవసరం ఉన్నవారు నిష్పాక్షికంగా చూడలేరు."

అందువల్ల అవసరం లేనివాళ్ళను పిలిచారు. రచ్చబండ మీద పేకాట ఆపించి మరీ తీసుకొచ్చారు. గేదెల కాపరి సైదులు లోపలికి పోయి, వచ్చి, గడ్డం గోక్కున్నాడు.

"అడుగులంటే నాకు తెలవదు సార్. ఒక పడ్డ, దాని పక్కన దూడ పడతాయి. పడ్డ తల బయట పెట్టుకోవాలి."

విశ్వపతి గారు రాయించారు: 'పశుసంపదకు సైతం అనుకూలమైన వైశాల్యము గోచరించినది. ఇరవై ఆరు చదరపు అడుగులు.'

మొదటి రంగుకే ఆరడుగులు పెరిగాయని భుజంగరావు గారు నా వీపు తట్టారు.

అట్లా మొదలైంది. తొలివెన్నెలకు ఇరవై ఆరు. దాని మీద మంచుతెర వేస్తే ఇరవై తొమ్మిది. కొంగరెక్కకు ముప్పై మూడు. మౌనం వేసిన రోజు మాత్రం ఎవరో లోపల తుమ్మారు, ఇరవై నాలుగుకు పడిపోయింది. విశ్వపతి గారు చాలా బాధపడి, తుమ్మినవాణ్ణి జాబితాలోంచి తీసేసి, రంగు మళ్ళీ వేయించారు.

నాకు ఒక సంగతి తెలుస్తూ వచ్చింది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఒక్కో రంగుకు ముందు పుట్టీ పెట్టాలి, రుద్దాలి, ప్రైమరు కొట్టాలి, రెండు పూతలు వేయాలి. పాతది గీకకూడదని వాళ్ళ రూలు. 'లభించిన విస్తీర్ణము నష్టపోవును' అట. ఆరో రంగుకు మూల గుండ్రబడింది. తొమ్మిదో రంగుకు కుళాయి తిప్పితే పిడి గోడకు తగిలింది. కాగితం మీద గది పెరుగుతూ వచ్చింది, గోడల మధ్య తగ్గుతూ వచ్చింది.

తలుపు సంగతి కూడా అప్పుడే చూశాను. అది లోపలికి తెరుచుకుంటుంది. వడ్రంగి బ్రహ్మంతో అన్నాను, ఇంత చిన్న గదికి బయటికి తెరిచేది పెట్టకూడదా అని.

"ఏందన్నా నువ్వు మాట్లాడేది! తలుపు లోపలికి పోవాలి. వచ్చినోళ్ళని రమ్మన్నట్టుండాలి. బయటికి తెరిస్తే వచ్చినోడి మొహాన కొట్టినట్టు గదూ? మా తాత దగ్గర్నుంచి ఈ ఊళ్ళో ఏ గుమ్మానికీ బయటికి పోయే తలుపు పెట్టలా."

బాత్రూంకు చుట్టాలు రారని అందామనుకున్నాను. బ్రహ్మంతో వాదన పెట్టుకుంటే ఒక పూట పోతుంది. ఊరుకున్నాను.

మధ్యాహ్నం గంట కొట్టగానే శిరోమణి సంచి తగిలించుకొని ఇంటికి పోతూ నా దగ్గర ఆగేది.

"పెద్దతాతా, ఇయ్యాల ఎంతయింది?"

"ముప్పై ఎనిమిది."

"నాకు సరిపోదా?"

"నీకు ఇరవైకే సరిపోద్ది. వాళ్ళకి చాలటం లా."

"రేపు లెక్కల పరీక్ష పెడతన్నారంట, మధ్యాహ్నం. నేను రాయనని చెప్పా."

"సారు ఏమన్నాడు?"

"పొద్దున పూట పెడతానన్నాడు నా ఒక్కదానికి. పొద్దున మాత్రం నాకేం వచ్చనీ? చెప్పినప్పుడు నేను లేను గదా." అని కాలవ దారి పట్టేది. గట్టు మీద ఎర్ర రిబ్బన్లు చాలా దూరం కనిపించేవి. నేను కుంచె కడుక్కునేవాణ్ణి.

సెప్టెంబరు చివరికి పదమూడో రంగు, పాలపొంగు, నలభై ఎనిమిది కొట్టింది. సైదులు అప్పటికి బాగా ఆరితేరాడు. లోపలికి కూడా పోకుండా గుమ్మంలోంచే "నలభై ఎనిమిది సార్, ఒక అంగుళం అటూ ఇటూ" అన్నాడు. స్కూల్లో చప్పట్లు కొట్టించారు. విశ్వపతి గారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది ఒక్క గదికి సంబంధించిన విజయం కాదు" అన్నారు. "ఇకపై ఇటుక అనే పదార్థం మీద ఆధారపడనవసరం లేదని ఈ గ్రామం నిరూపించింది."

నిజంగానే పక్క ఊళ్ళో మూడడుగుల బాత్రూంకు కొబ్బరికాయ కొట్టారు. మిగతాది రంగుతో కడతారట.

సువార్తమ్మ గారు తాళంచెవి కోసం చెయ్యి చాపారు.

"తొందరపడకండి" అన్నారు విశ్వపతి గారు. "ఇరవై అడుగుల గది అయితే ఒక్కరికే. ఇప్పుడిది నలభై ఎనిమిది. మనిషికి ఎనిమిది అడుగుల చొప్పున ఆరుగురి సామర్థ్యం గల గది. ఆరుగురు ఏకకాలంలో ప్రవేశించి, తలుపు మూసుకొని, ఇరుకు లేదని ధ్రువీకరిస్తే గాని అప్పగింత పత్రం మీద సంతకం చేయడానికి వీలు లేదు."

"మాకు ఒక్కొక్కరు పోతే చాలు సార్."

"మీకు చాలవచ్చు. రికార్డుకు చాలదు."

ధ్రువీకరణ దసరా సెలవులకు ముందు రోజున పెట్టారు. అదే రోజు ఏడుకొండలు సైకిలు మీద వచ్చి, స్కూలు గేటు దగ్గర కాలు కింద పెట్టి నిలబడ్డాడు. శిరోమణి పేరు కొట్టించడానికి.

"సెలవులైనాక పత్తి తీత పెదనాన్నా. కూలి మేస్త్రీకి మాటిచ్చా." అన్నాడు. నా వైపు చూడలేదు. శిరోమణి వరండా స్తంభం పక్కన నిలబడి, వాళ్ళ నాన్నను కూడా చూడలేదు.

విశ్వపతి గారు, భుజంగరావు గారు, పట్నం నుంచి వచ్చిన నలుగురు నిపుణులు. మొత్తం ఆరుగురు. ఇస్త్రీ చొక్కాలు. ఆ పొద్దునే నాచేత మళ్ళీ ఒక పూత పాలపొంగు వేయించారు, మెరుపు తగ్గిందని. తడి ఇంకా ఆరలేదని చెప్పాను.

"తడి రంగులోనే విశాలత్వం అధికం" అన్నారు విశ్వపతి గారు.

మొదట ఇద్దరు నిపుణులు పోయి దొడ్డి గుంటకు అటూ ఇటూ కాళ్ళు పెట్టే పీటలు చెరొకటి ఎక్కారు. తర్వాత ఇద్దరు మూలలకు పోయారు. భుజంగరావు గారు పొట్ట లోపలికి పీల్చుకొని వెనక్కి నడుస్తూ పోయారు. ఆఖర్న విశ్వపతి గారు ఫైలు నెత్తిన పెట్టుకొని ప్రవేశించారు. తలుపును చుట్టూ తిప్పి మూయడానికి లోపల చాలా సేపు పట్టింది. "కొంచెం అటు", "కాలు సార్, నా కాలు", "ఊపిరి వదలకండి" అనే మాటలు వినబడ్డాయి. ఎట్టకేలకు గడియ పడింది.



"సార్, ఎలా ఉంది?" అని సువార్తమ్మ గారు అడిగారు.

"విశాలంగా ఉంది" అన్నది విశ్వపతి గారి గొంతు, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు. "సభ్యులందరూ ఏకగ్రీవంగా... ఎవరది? మోచెయ్యి తీయండి... ఏకగ్రీవంగా భావించుచున్నారు. ఇక తలుపు తెరవండి భుజంగరావు గారూ."

గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు కదిలి ఆగింది. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ కదిలి ఆగింది.

"తెరవండి."

"లోపలికి గదండీ తెరుచుకునేది. మీరు జరిగితేనే."

"నేనెటు జరగను?"

వడ్రంగి బ్రహ్మాన్ని కేకేశాము. వచ్చాడు, చూశాడు. బందులు కూడా లోపలే ఉన్నాయని చెప్పాడు. తలుపులో లోపం లేదన్నాడు, లోపల అంతమంది ఎందుకున్నారని అడిగాడు. లోపల ఒక నిపుణుడు ఏడుపు మొదలుపెట్టాడు.

"నాసరయ్యా!" భుజంగరావు గారు అరిచారు. "పలుగు తీసుకురా! గుమ్మం ఊడబెరికెయ్యి!"

నేను పలుగు తెచ్చాను. గుమ్మం పక్కన నిలబడ్డాను. పెద్ద టీచరు వైపు చూశాను. ఆవిడ పలుగు వైపు చూశారు. తర్వాత ఆఫీసు గదిలోకి పోయి, అప్పగింత పత్రం, కింద పెట్టుకోను ఒక అట్ట, పెన్ను తెచ్చి శిరోమణి చేతిలో పెట్టారు. బోరు దిమ్మ పైనున్న వెంటిలేటరు వైపు చూపించారు.

శిరోమణి బోరు దిమ్మ ఎక్కింది. వెంటిలేటరులోకి తొంగి చూసింది.

"సార్, దీని మీద సంతకం పెట్టండి."

"ఎవరమ్మాయ్ నువ్వు?"

"లబ్ధిదారుని సార్."

"ధ్రువీకరణ నివేదిక టైపు కాకుండా సంతకం చేయడం నియమ విరుద్ధం" అన్నారు విశ్వపతి గారు.

"మరి లోపల ఇరుకుగా ఉందా సార్? ఇరుకుగా ఉంటే తాత ఇప్పుడే పగలగొడతాడు. విశాలంగా ఉంటే తొందరేముందీ, నివేదిక టైపు అయిందాకా ఉండండి."

నేను ఆ పిల్లను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అంత మాట అనగలదని నాకు తెలియదు. గేటు దగ్గర ఏడుకొండలు సైకిలు స్టాండు వేశాడు.

"విశ్వపతి గారూ, నా గుండె!" అన్నారు భుజంగరావు గారు. "పెట్టేయండి సార్, మీ పిల్లలు చల్లగా ఉంటారు!"

వెంటిలేటరులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మణికట్టు దాకా పాలపొంగు. శిరోమణి పెన్ను వేళ్ళ మధ్య పెట్టి, అట్ట మీద కాగితం ఆనించి పట్టుకుంది.

"ఎక్కడ?" అన్నది గొంతు.

"ఇంకొంచెం కిందకి సార్. ఆఁ. అక్కడే."

సంతకం కాస్త పైకి ఎగబాకింది గాని సంతకమే. శిరోమణి ఊది ఆరబెట్టి పెద్ద టీచరుకు ఇచ్చింది. ఆవిడ స్టాంపు వేశారు. అప్పుడు నేను పలుగు ఎత్తాను. ఎప్పుడు వచ్చాడో ఏడుకొండలు గడ్డపారతో అవతలి పక్క నిలబడి ఉన్నాడు. నాలుగు పోట్లకు గుమ్మం కదిలింది. గోడలోంచి ఇసుక జలజలా రాలింది.

"సిమెంటు సరిగా కలిపినట్టయితే సాయంత్రం అయ్యేది సార్" అన్నాను. భుజంగరావు గారు లోపలి నుంచి నాకు కృతజ్ఞతలు చెప్పారు.

తలుపుతో సహా గుమ్మం బయటికి వచ్చింది. దాని వెంట ఆరుగురూ వచ్చారు. చొక్కాలు, ప్యాంట్లు, ఒకాయన చెంప, అన్నీ పాలపొంగే. గోడల మీద మాత్రం ఆరుగురు మనుషుల ఆకారాలు దిగి, లోపలి పాత రంగులు బయటపడ్డాయి. కొంగరెక్క, మంచుతెర, మౌనం. ఏ రంగు ఖాయమైందని ఎవరూ అడగలేదు.

నేను, ఏడుకొండలు కలిసి గుమ్మాన్ని వెనక్కి తిప్పి నిలబెట్టాము. ఇప్పుడు తలుపు బయటికి తెరుచుకుంటుంది. బ్రహ్మం చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇటుక ముక్కలు బిగించి, నా దగ్గరున్న సున్నంలో ఇసుక కలిపి సందులు పూడ్చాను. ఏడుకొండలు తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూశాడు. తర్వాత కూతురి వైపు చూసి తలుపు పట్టుకొని నిలబడ్డాడు.

అన్నం గంట కొట్టారు. ఆ రోజు ఆడపిల్లలెవరూ సంచులు తగిలించుకోలేదు. కొందరు కంచాల దగ్గరికి పోలేదు కూడా. బాత్రూం ముందు వరుస కట్టారు.

వరండాలో చాపలు పరిచారు. పెద్ద టీచరు, బ్రహ్మం, నేను ఒక పక్క. ఎదురుగా అధికారులు, రంగు ఎండి బిగుసుకున్న చొక్కాలతో. ఏడుకొండల్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. చేతులు కడుక్కొని వచ్చి ఆఖర్న కూచున్నాడు. అన్నం, పప్పు, గుడ్డు పెట్టారు. శిరోమణి వచ్చి తండ్రి పక్కన కూచుంది. ఏడుకొండలు తన గుడ్డు దాని కంచంలో వేసి, తల దించుకొని పప్పు కలుపుకున్నాడు.

విశ్వపతి గారు రెండు ముద్దలు తిని ఆగారు. కాలు మీద కాలు మార్చి కూచున్నారు. బాత్రూం వైపు చూశారు. వరుసలో ఇంకా నలభై మంది పైనే ఉన్నారు. వంటామె ఆయన ముందు నీళ్ళ గ్లాసు పెట్టింది. ఆయన ఆ గ్లాసును ఎడమ చేత్తో మెల్లగా దూరం జరిపారు.